పదిహేను కిలోల వనవాసం

అమెరికాలోని ఆష్‌బర్న్ డేటా సెంటర్‌లో పదిహేనేళ్లు సర్వర్లకు చలువ చేసిన భీమశంకరంగారు, 2014లో, యాభై తొమ్మిదో ఏట, టాంజానియాలో ఒక సఫారీ క్యాంపుకి మేనేజరుగా వెళ్లడానికి సంతకం పెట్టారు. ఆనాటి నుంచి ఆయన ఇంట్లో కూర్చున్నది లేదు. ఖాకీ టోపీ పెట్టుకుని వంటింటికీ గరాజ్‌కీ మధ్య గస్తీ తిరిగేవారు. అడవికెళ్లే చిన్న విమానంలో పదిహేను కిలోలకే అనుమతి కనుక, బ్యాగు పట్టుకుని బరువు చూసే స్కేలెక్కడం, దిగి ఒక చొక్కా తీసేయడం, మళ్లీ ఎక్కడం ఆయన నిత్యవిధి. భార్య సుబ్బులు తనతో వస్తుందో రాదో అడిగే ధైర్యం మాత్రం, సింహాల మధ్య కాపురానికి సిద్ధమైన ఆ వీరుడికి లేదు. ఒకరోజు ఉదయం బ్యాగు బరువు పద్దెనిమిదికి చేరింది. స్కేలు మీదే నిలబడి తెరిస్తే కందిపొడి డబ్బాలు.

"ఇవెవరు పెట్టారు?" అన్నారాయన గంభీరంగా.

"నేనే. నా బ్యాగ్ ఆల్రెడీ ఫుల్," అంది సుబ్బులు. "దిగండి, నాది వెయిట్ చూసుకోవాలి."