వదిన వాగుడు

చిన్నప్పుడు ఆమెను ముద్దుగా వసపిట్ట అన్నారు. కాపురానికొచ్చిన కొత్తలో గలగలా మాట్లాడే పిల్ల అన్నారు. పదేళ్లు తిరిగేసరికి నోరుగల మనిషి అయింది. మొగుడు ఆమెకు రెండింతలు మాట్లాడతాడు, కానీ అతను మాటకారి! ఈ తేడా తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండేది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమె, ఆడపడుచు ఒకే ఇస్త్రీ యంత్రం మీద పని చేసేవారు. ఆడపడుచు పిలుపు పట్టుకుని అందరూ ఆమెను వదిన అనేవారు. వదిన ఇటు నుంచి తడి దుప్పటి అందిస్తే, మనిషెత్తు ఉన్న వేడి రోలరు కింద నుంచి అది అటు తేలుతుంది. అటు నిలబడ్డ ఆడపడుచు ఈమెకు కనిపించదు. ఆపే మీట ఇటువైపే ఉంది. అందుకే వదిన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతెత్తి ఏదో ఒకటి చెబుతూనే ఉండేది, ఆడపడుచు ఊఁ కొడుతూ ఉండేది. దుప్పటి ఇరుక్కుంటే దాన్ని లాగే ధ్యాసలో ఊఁ ఆగిపోయేది. ఆగిన మరుక్షణం వదిన మీట నొక్కేది. ఆరేళ్లలో ఒక్క వేలూ కాలలేదు.

కొత్తగా వచ్చిన మేనేజరు నలుగురి ముందూ ఆమెను వాగుడుకాయ అన్నాడు. పనివేళ నోరు విప్పితే ఇద్దరినీ తీసేస్తానన్నాడు. తను ఎందుకు మాట్లాడుతుందో వదిన మూడుసార్లు చెప్పింది.

"ఇంకా వాగుతున్నావా?" అన్నాడు మూడోసారి.

రెండు జీతాలూ పోతాయని వదిన నోరు మూసుకుంది. అందుకు ఈనాటికీ తనను తాను క్షమించుకోలేదు. నాలుగో రోజు అటువైపు నుంచి కేక వినిపించి మీట నొక్కేసరికి ఆడపడుచు కుడిచేతి మూడు వేళ్లు రోలరు కింద నలిగిపోయాయి.

విచారణకు పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మేనేజరు అరగంట ధారాళంగా మాట్లాడాడు. పనివాళ్ల క్షేమమే తనకు ముఖ్యమట, ప్రమాదముందని ఎవరూ తన చెవిన వేయలేదట. పెద్దాయన శ్రద్ధగా తలాడిస్తూ అంతా రాసుకున్నాడు.

పెద్దాయన గడియారం చూసుకుని ఆమె వైపు తిరిగాడు. "నువ్వు రెండు ముక్కల్లో చెప్పమ్మా."

"చెప్పాను. వాగుడన్నారు."