బరిల దిగని రాక్షసులు

పోయిన నెల మా బావ కొత్తగూడెం దవాఖానల కాలం చేసిండు. మా అక్క పెనిమిటి, బజార్ల చిన్న వడ్రంగి దుకాణం నడిపినాయన. సావుకొచ్చినోళ్లంత మంచి కుర్చీలు చేసేటోడన్నరు. చేసేటోడే. కానీ ఆయన పానం కుర్చీల మీద లేదు, కబడ్డీ బొమ్మల మీద ఉండె. ఆ సంగతి నేనన్న చెప్పకపోతే నా కడుపుమంట సల్లారదు.

ఇంట్ల కూసోని ఆడే కబడ్డీ ఆయన సొంతంగ కనిపెట్టిండు. నేల మీద సుద్దతోని బరి గీసేటోడు. ములకలపల్లి దిక్కు నుంచి మెత్తటి పొణికి కర్ర తెచ్చి, బొటనవేలంత వానరాలను ఏడుగురిని చెక్కిండు. ఎదుటి జట్టుకు బొమ్మల్లేక సోడా మూతలు పెట్టేటోళ్లం. గవ్వలేసి ఎన్ని పడితే అన్ని అడుగులు జరపాలె, జరిపినంత సేపు కూత ఆపొద్దు. బావకు ఉబ్బసం. తన ఆటల తనే ఓడిపోయి, "గింత పొడుగు కూత పెట్టే పిల్లకు మొగుడెట్ల దొరుకుతడో" అని నన్ను ఆడిపోసుకునేటోడు.

ఒకనాడు ఊర్ల ఉన్న ఆఫీసర్ల క్లబ్బు సెక్రటరీ దుకాణంల ఆ ఆట చూసిండు. "సాయంత్రం మా దగ్గర బొమ్మల ప్రదర్శన. రెండు జట్లూ తీసుకురా, పిల్లలతో ఆడిద్దాం" అన్నడు. బావ మురిసిపోయిండు. సోడా మూతల జాగల పెట్టనీకి రాక్షసుల జట్టు చెక్కుడైతే అయింది గని రంగు పడలే. చేతుల ఉన్నది ఒక్క మధ్యాహ్నమే.

చెక్కకు మొలలు కొట్టి ఏడుగురిని వరసగ గుచ్చిండు. నేను ఒక్క రాక్షసునికే మీసాలు దిద్దుకుంట కూసుంటే కసిరిండు. "జల్దీ కావాలంటే ఒక్కని కాడనే ఆగొద్దే. ముందు అందరికీ ఒళ్లు, ఆనక అందరికీ బట్టలు, ఆఖరుకు కండ్లు."

నేను ఆకుపచ్చ ఒళ్లు, అక్క ఎర్ర గోచీలు. కొమ్ములున్న రాక్షసుని పండ్లు వంకర పోయినయని నేను మొత్తుకుంటే నవ్విండు. "రాక్షసునికి అందమేందే మరదలా, ఎదుటోడు జడుసుకుంటే సాలు." కండ్లు మాత్రం మమ్ముల్ని ముట్టనియ్యలే. ఊపిరి బిగబట్టి, ఈనెపుల్ల కొసతోని తనే పెట్టిండు. ఎక్కడ దగ్గొస్తదోనని మేం గూడ కదల్లే. పొద్దుగూకేసరికి ఏడుగురు మా మీద గుడ్లురుముతున్నరు.

క్లబ్బుల అందరు చప్పట్లు కొట్టిన్రు. బావ బరి గీసి, గవ్వలు పట్టుకోని నేల మీద కూసున్నడు. "అయ్యో, ఇంత మంచి పని ఆడితే పాడైపోదూ?" అని సెక్రటరీ రాక్షసుల్ని అద్దాల బీరువాల పెట్టి తాళమేసిండు. రంగు పోయిన వానరాల్ని వాపస్ ఇచ్చిండు. కింద కూసున్న మనిషిని లెమ్మన్న దిక్కు గూడ లేదు.

అప్పటి నుంచి ఆదివారమొస్తే బావ పోయి అడిగేటోడు. "ఒక్క ఆట ఆడిచ్చి మళ్ల ఇస్త సార్." తాళంచెవి లేదనేటోళ్లు. ఇంకో జట్టు చేసుకోరాదా అంటే నా మీద లేచిండు. "గా ఏడుగురు బరిల దిగకముందే ఇంకో ఏడుగురా? ఏం పాపం చేసిన్రే వాళ్లు?" గట్లనే ఏండ్లు గడిచినయి. వాళ్ల మెచ్చుకోలు మన్నుల కలవ! ఇప్పటికీ ఆ క్లబ్బు ముందట నడవాలంటే నాకు ఒళ్లు మండుతది.

బావ పెద్దదినం నాడు క్లబ్బు నౌకరు వచ్చి, కాగితంల చుట్టిన డబ్బా అక్క చేతుల పెట్టిండు. బీరువా తీసేసి ఆ జాగల టీవీ పెడుతున్నరంట. అక్క డబ్బా ఇప్పి, వానరాల పక్కన రాక్షసుల్ని నిలబెట్టింది. వానరాల మూతులు అరిగి నున్నగయినయి, తోకలు ఎప్పుడో ఇరిగినయి. రాక్షసుల మీద ఒక్క గీత లేదు, నిన్ననే రంగేసినట్టు మెరుస్తున్నరు. ఒక్కొక్కని తిరగేసి చూసిన. పాదాలకు యాడా సుద్ద మరక లేదు.