కొండ కింద ఊళ్లో ఆగిన పరుగు

కొండ పరుగు మళ్లీ పెడుతున్నారన్న మాట నాకు బడిలో తెలిసింది. బిట్రగుంట రైల్వే కాలనీ చివర ఉన్న మిషన్ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పుకుంటుంటే తోటి టీచరమ్మ అడిగింది.

"అక్కా, అన్న గూడా పేరిచ్చినాడంట గదా. మా ఇంట్లో అనుకుంటుండారు. ఈ వయసులో ఎందుకక్కా ఆయనకి?"

మా ఆయన పేరిచ్చిన సంగతి నాకు తెలియదు. తెలిసినట్టే తల ఊపాను.

ఆ పరుగు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏటా జరిగేది. కాలనీలో జెండా ఊపగానే బయలుదేరి, మద్రాసు రోడ్డు దాటి, జొన్న చేల మధ్య పడమటికి పోయే కంకర రోడ్డు పట్టుకోవాలి. కొండ కింద ఊరు దాటి, కొండెక్కి, పైన సున్నం కొట్టిన రాయిని తాకి అదే దారిన వెనక్కి రావాలి. పోను రాను ఇరవై మైళ్లకు తక్కువ ఉండదు. సముద్రం పక్కన చదును నేల మీద పెరిగినవాళ్లకు ఆ ఎగుడు దారి చాలా కష్టం. సగంమంది కొండ దగ్గరే కూలబడేవాళ్లు.

ఆయన్ని నేను మొదట చూసింది ఆ పరుగులోనే. నాకప్పుడు పదిహేనేళ్లు, బోర్డింగులో చదువుకుంటున్నాను. పరుగెత్తేవాళ్లకు నీళ్లివ్వడానికి మమ్మల్ని కొండ కింద ఊళ్లో కుండలతో నిలబెట్టారు. ఆయనప్పుడు లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో ఉన్నాడు. చెప్పుల్లేని కాళ్లతో వచ్చి, నా చేతిలో చెంబు లాక్కుని, సగం తాగి సగం నెత్తిన పోసుకుని, చెంబుతో సహా కొండ వైపు పరుగెత్తాడు. చెంబు పోగొట్టానని వార్డెనమ్మ నన్ను తిట్టింది. సాయంత్రం రెండో బహుమతి చంకన పెట్టుకుని, చెంబు తిరిగి ఇవ్వడానికి బోర్డింగు గేటు దగ్గరకు వచ్చాడు. మా పెళ్లికి అదే మొదలు. పెళ్లి నాటికి ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్ అయ్యాడు. యుద్ధం రావడంతో పరుగు ఆగిపోయింది. ఆ తర్వాత దాన్ని తలుచుకున్నవాళ్లు లేరు.

మాకు పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టి పోయారు. ఇంట్లో మేమిద్దరమే. ఆయన డ్రైవరయ్యాక బండి దిగి వచ్చిన ప్రతిసారీ దారిలో చూసినవన్నీ నాకు చెప్పేవాడు. ఎక్కడ చేను ఎండిందో, ఏ వాగు పొంగిందో, గార్డు ఏమన్నాడో అన్నీ చెప్పేవాడు. నేను ఇంట్లో కూర్చునే నెల్లూరు నుంచి గూడూరు దాకా చూసినట్టు ఉండేది.

యాభైల చివర్లో ఒక పొద్దున ఆయన గూడూరు వైపు నుంచి గూడ్సు బండి తెస్తుంటే, మనుబోలు దగ్గర ఇంజను కింద ఒక ఆడమనిషి పడి చనిపోయింది. చిన్న వయసు. విచారణ జరిగింది. కూత వేశావా, బ్రేకు వేశావా అని అడిగారు. వేశానన్నాడు. తప్పేమీ లేదన్నారు. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నాడు. ఏం జరిగిందని అడిగితే "పడింది" అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

కొన్నాళ్లు బండెక్కాడు. పట్టాల మీద కాకి వాలినా బ్రేకు వేస్తున్నాడని ఫైర్‌మన్ బాధపడి నాతో చెప్పాడు. ఒకరోజు నెల్లూరు స్టేషన్లో ఇంజను దిగి ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఇంక ఎక్కనన్నాడు. డాక్టర్లు చూశారు. చివరికి షెడ్డులో పని ఇచ్చారు. అప్పటి నుంచి ఆయన నోట దారి సంగతులు లేవు. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి కూర్చునేవాడు. నేను పిలిస్తే మళ్లీ కలిపేవాడు. చర్చిలో పాట అందుకునే మనిషి, పెదవి కదపడం కూడా మానేశాడు.

ఆ తర్వాతి ఏడు కాబోలు, తెల్లవారుజామున లేచి పరుగెత్తడం మొదలుపెట్టాడు. మంచిదే అనుకున్నాను. ఒళ్లు అలిసిపోతే నిద్రయినా పడుతుందని నా ఆశ. పరుగుకు పేరిచ్చాడని తెలిశాక మాత్రం భయం వేసింది. ఆ సాయంత్రం అడిగాను.

"పేరిచ్చినారంట?"

"ఇచ్చినా."

"నలభై అయిదేళ్లొచ్చినాయి. ఛాతీ నిండా బొగ్గుపొడి. కొండెక్కి దిగగలరా?"

"పరుగెత్తలేకుంటే నడిచి ఎక్కుతా."

"ఎవురు మెచ్చుకోవాలని?"

"ఆ దారిన ఒకసారి పోవాల," అన్నాడు. వయసులో ఉన్న రోజులు గుర్తొచ్చి అలా అన్నాడనుకున్నాను. ఇన్నాళ్లకు ఒక కోరిక పుట్టింది, వద్దని ఎలా అంటాను? పరుగు పెడుతున్న కాలనీ క్లబ్బు వాళ్ల దగ్గరకు వెళ్లి, కొండ కింద ఊళ్లో నీళ్లిచ్చే పని మా బడికి ఇమ్మని అడిగాను. ఆయన పడిపోతే పట్టుకోవడానికి దగ్గర్లో ఉండాలన్నది నా ఆలోచన. వాళ్లకు మనుషులు కావాలి, సరేనన్నారు.

చలికాలం చివర్లో పరుగు పెట్టారు. నేనూ ఆ టీచరమ్మా ఎద్దుల బండి మీద కుండలు పెట్టుకుని పొద్దున్నే చేరుకున్నాం. చిన్నప్పుడు నేను నిలబడిన చోటు ఇదేనని గుర్తుపట్టాను కానీ ఊరు చిక్కిపోయినట్టుంది. వానల్లేక జొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. బావిలో చేద నీళ్లకు అందడానికి తాడు చాలక ఇంకో తాడు ముడివేశారు. ఆడవాళ్లు బిడ్డల్ని చంకనేసుకుని చూడ్డానికి వచ్చారు. "ఎవురైనా తరుముతుండారా వీళ్లని?" అని ఒకామె నవ్వింది.

ముందు షెడ్డు కుర్రవాళ్లు వచ్చారు, కాన్వాసు బూట్లు వేసుకుని. తర్వాత ఖాకీ నిక్కరుతో ఒక కానిస్టేబులు. తర్వాత గుంపు. చాలాసేపటికి ఆయన కనిపించాడు. ఒంటరిగా వస్తున్నాడు. పెదవులు పాలిపోయాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేను చెంబు అందించాను. నా మొహం చూడకుండా రెండు గుక్కలు తాగి, పక్కనున్న ఆడమనిషి వైపు తిరిగాడు.

"అమ్మా, మనుబోలు పక్కకి బిడ్డనిచ్చిన పెద్దాయన ఇల్లు యాడ? రైలు కింద పోయిందే, ఆ బిడ్డ వాళ్ల నాయన."

ఆమె నవ్వు ఆగిపోయింది. చెయ్యెత్తి వీధి చివర తాటాకు ఇంటిని చూపించింది.

ఆ బిడ్డ పుట్టిల్లు ఈ ఊరేనని ఆయనకు విచారణలో తెలిసింది. పరుగు దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఊరికే వచ్చి ఆ గుమ్మంలో నిలబడే ధైర్యం లేక, ఇన్నాళ్లకు పరుగు వంక దొరికితే పేరిచ్చాడు. నాకు అది అప్పుడు అర్థమైంది. కుండలు టీచరమ్మకు అప్పజెప్పి ఆయన వెనకే నడిచాను.

ముసలాయన గడప ముందు కూర్చుని చేటలో వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. రొప్పుతూ నిలబడిన మనిషిని చూసి, "నీళ్లు కావాల్నా నాయనా?" అన్నాడు.

"వద్దు పెద్దాయనా. నేను ఆ బండి డ్రైవర్ని."

"ఏ బండి?"

"మనుబోలు కాడ... మీ బిడ్డ."

ముసలాయన చేట పక్కన పెట్టాడు. రాయి తీసుకుంటాడో, కేకలేసి ఊరిని పిలుస్తాడో అని మా ఆయనకు దగ్గరగా జరిగాను. ముసలాయన నన్ను చూసి "ఈమె ఎవురు?" అన్నాడు. భార్యనని చెప్పాను. "కూర్చోండి," అన్నాడు. నేలమీదే కూర్చున్నాం.

"మూడేళ్లాయె," అన్నాడు ముసలాయన. "పోలీసోళ్లు వొచ్చినారు, కరణం వొచ్చినాడు. కాలు జారి పడిందన్నాడు మా అల్లుడు. ఊళ్లోవాళ్లు ఇంకోటన్నారు. చూసినోడు ఒక్కడూ నా కాడికి రాలా. నువ్వు చూసినావా?"

"చూసినా. నేనొక్కడ్నే. ఫైర్‌మన్ బొగ్గేస్తా వొంగున్నాడు."

"జారిందా?"

జారిందని చెప్పమని లోపల్లోపల దేవుణ్ణి వేడుకున్నాను. ఒక్క మాట చాలు.

"లేదు పెద్దాయనా," అన్నాడు. "నెత్తిన పుల్లల మోపు ఉండింది. దాన్ని గట్టు మీద దించి పెట్టింది. పైట సర్దుకునింది. మళ్లా వొచ్చి పట్టాల నడమ నిలబడింది. నేను కూత ఆపలా. బ్రేకేసినా. అంత బరువు బండి ఆగదు పెద్దాయనా."

"నిన్ను చూసిందా?"

"చూడలా. అటు తిరిగి నిలబడింది."

"మోపు దించి పెట్టిందా," అన్నాడు ముసలాయన తనలో తను. "చిన్నప్పటి నించీ అంతే. ఏదీ విసిరెయ్యదు. దించి పెడతాది."

దూరంగా ఎవరో పరుగెత్తేవాణ్ణి చూసి పిల్లలు కేకలు వేస్తున్నారు. ముసలాయన చేతులు చేటలో దేన్నో వెతుకుతున్నట్టు కదులుతున్నాయి. కాయలు కింద పడుతున్నాయి.

"అంతకు ముందు వారం నా కాడికొచ్చినాది. వీపు చూపించింది. నేనే సర్దుకోమ్మా అని చెప్పి, దిగబెట్టి వొచ్చినా." కింద పడిన కాయ ఒకటి తీసి చేటలో వేశాడు. "జారలేదని నాకు తెలుసు నాయనా. ఎవురో ఒకరు వొచ్చి జారింది అంటారేమోనని ఇన్నాళ్లూ చూస్తుండినా."

మా ఆయన చేతులు చాపాడు. ముసలాయన పట్టుకోలేదు. తొయ్యనూ లేదు. "పో నాయనా. పరుగు మీద వొచ్చినావు గదా, పో," అన్నాడు.

వీధిలోకి వచ్చాక ఎద్దుల బండెక్కమని బతిమాలాను. వినలేదు. "పైదాకా పోయొస్తా," అని కొండ వైపు నడిచాడు. కొంతదూరం పోయాక పరుగెత్తడం కనిపించింది. ఆ తర్వాత రాళ్ల చాటుకు పోయాడు.

ముందు వెళ్లినవాళ్లంతా దిగి వచ్చి, ఊరు దాటి వెళ్లిపోయారు. కూలబడినవాళ్లను ఎక్కించుకోవడానికి లారీ వచ్చింది. టీచరమ్మను కుండలతో పాటు ఎద్దుల బండిలో పంపేశాను. ఎండ బాగా ముదిరాక ఆయన దిగి వచ్చాడు. అరచేతికి సున్నం అంటింది, రాయిని తాకాడన్నమాట. మోకాలు చీరుకుపోయి నెత్తురు పాదం దాకా కారి ఎండిపోయింది. "ఎక్కన్నా, ఎక్కు, ఇంక నీ వెనకాల ఎవురూ లేరు," అన్నాడు లారీ డ్రైవరు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి ముందుకే పోయాడు. లారీ వెళ్లిపోయింది. నేను ఆయన పక్కన నడిచాను.

చాలా దూరం వచ్చాక అడిగాను. "జారిందని చెప్తే మీదేం పోయేది?"

"ఆయన అడిగినాడు."

"అడిగితే?"

"ఇన్నాళ్లూ నన్నెవురూ అడగలా. కూతేసినావా, బ్రేకేసినావా, అంతే. ఆ బిడ్డ ఏం చేసిందని ఒక్కరన్నా అడిగినారా? ఆయనే అడిగినాడు. కన్నతండ్రికి అబద్ధం చెప్పమంటావా?"

"మీరు మొయ్యలేనిదాన్ని ఆ ముసలాయన మొయ్యాల్నా?"

ఆయన ఆగి నా వైపు చూశాడు. మళ్లీ కుంటుతూ నడిచాడు. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చినంత కోపం మా కాపురంలో ఎప్పుడూ రాలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఆయనకు నిద్ర పట్టేదా, ముసలాయనకు పట్టేదా, నాకు ఇప్పటికీ తెలియదు. చేటలో తడుముకున్న ఆ చేతులు మాత్రం నా కళ్లముందు నుంచి పోలేదు.

మేం కాలనీ చేరేసరికి బహుమతులు ఇవ్వడం అయిపోయింది. షామియానా విప్పుతున్నారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఆయన నేల మీద సున్నం గీత దాకా నడిచి, దాన్ని దాటి, అక్కడే కూర్చుండిపోయాడు. చేయి పట్టుకుని లేపి ఇంటికి తీసుకొచ్చాను.

ఆ తర్వాత ఆయన బాగుపడ్డాడని చెప్పలేను. ఇంజను ఎక్కలేదు. మాట పెరగలేదు. ఆదివారం చర్చి అయ్యాక సైకిలేసుకుని కొండ కింద ఊరికి పోవడం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో ముసలాయన పలకరించేవాడు కాదట. పొమ్మనలేదు కనుక ఈయన అరుగు మీద కూర్చుని వచ్చేవాడు. కొన్నాళ్లకు మిరప మొక్కలకు నీళ్లు తోడిపోశానని చెప్పాడు. ఆ బిడ్డ గురించి మళ్లీ మాట్లాడుకున్నారా అని అడిగాను. లేదన్నాడు.

అరవైల మధ్యలో, వరసగా వానలు తప్పిన ఏడు, ముసలాయన చనిపోయాడు. పాలమ్మే మనిషి వచ్చి చెబితే ఇద్దరం వెళ్లాం. అల్లుడు రాలేదు. కరువుకు ఊళ్లో సగంమంది పనులకు వలస పోయారు. పాడె మోయడానికి మనుషులు చాలక పక్క ఊరి నుంచి పిలిపించారు. ఈయన అక్కడే నిలబడి ఉన్నా పిలవలేదు. మేం ఏ కులంవాళ్లమో, ఏ పేటలో పుట్టినవాళ్లమో వాళ్లకు తెలుసు. మోస్తానని ఈయనా అడగలేదు. పాడె లేచాక నలుగురికీ దూరంగా, చెప్పులు చేత్తో పట్టుకుని, శ్మశానం దాకా నడిచి వెళ్లాడు. నేను ఖాళీ ఇంటి ముందు ఆడవాళ్లతో నిలబడ్డాను.

ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. అన్నం పెడితే ముద్ద ఆపకుండా తిన్నాడు. షెడ్డులో కూత వినబడగానే చొక్కా వేసుకుని పనికి వెళ్లాడు.