జీవామృతమని చెప్పిన డ్రమ్ము

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన వెంకన్న చేలోంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేకపోయాడు. నోటి వెంట చొంగ కారుతోంది. ఒళ్ళంతా చెమట. "కళ్ళు మసకేత్తన్నాయే" అన్నాడు. ఎండదెబ్బేమో అని మజ్జిగ ఇచ్చాను. అదీ కక్కేశాడు.

రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో సూర్యారావు గారి పొలంలో వెంకన్న కూలీ. పురుగుమందు లేకుండా వరి పండించడానికి ఒక సంస్థ సూర్యారావు గారికి గ్రాంట్ ఇచ్చింది. ఆ డబ్బుతో జీవామృతం కలపడానికి డ్రమ్ములొచ్చాయి, గట్టు మీద ఆయన ఫోటోతో ఇంత బోర్డొచ్చింది.

ఆటోలో కాకినాడ తీసుకెళ్ళాం. "ఏ మందు కొట్టాడమ్మా?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగారు.

"మందు కాదండి, జీవామృతం. పేడ, బెల్లం, శనగపిండి" అన్నాను. నాకు తెలిసింది అదే.

గ్యాస్ట్రో అనుకుని సెలైన్ పెట్టారు. సాయంత్రానికి కండరాలు అదరడం మొదలైంది. డాక్టరమ్మ కళ్ళలోకి టార్చి వేసి చూసి, "ప్యూపిల్స్ పిన్‌పాయింట్, కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. ఇది పాయిజనింగ్. అబద్ధం చెప్తే మనిషి పోతాడమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధం నాది కాదు.

ఐసీయూలో విరుగుడుగా ఎట్రోపిన్ ఎక్కిస్తుండగా చూడ్డానికి వచ్చిన సూర్యారావు గారిని గుమ్మంలోనే ఆపాను. "డ్రమ్ములో ఏం పోశారండి?"

"వరికి దోమ పురుగు పట్టేసిందమ్మా. వచ్చే వారం గ్రాంటు వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. కొంచెం మందు కలిపాను."

"మరి మా ఆయనకి చెప్పలేదేంటండి?"

"చెప్తే మాస్కు కట్టుకుంటాడు. రోడ్డు మీద నలుగురూ చూస్తారు కదా."

జీవామృతం వెంకన్న ఎప్పుడూ చేత్తోనే కలుపుతాడు, మోచేతి దాకా ముంచి. అది తెలిసే పోశాడు ఆ మనిషి. ఇంకా సిగ్గులేకుండా, "ఫుడ్ పాయిజన్ అని రాయించమ్మా, లేకపోతే గ్రాంట్ పోతుంది" అన్నాడు.

"మీ గ్రాంట్ గంగలో కలవనీండి. మందు పేరు చెప్తారా, చొక్కా పట్టుకోమంటారా?" అని వార్డంతా వినేలా అరిచాను. అప్పుడు చెప్పాడు. ఆ రోజు నుంచి అతన్ని గారు అనడం మానేశాను.

తగ్గుతోందనుకుంటుండగా వెంకన్నకి మెడ నిలవలేదు, ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టారు. "ఈ మందుతో ఇలా అవుతుంది, టైం పడుతుందమ్మా" అన్నారు డాక్టరమ్మ. బయట బల్ల మీద కూర్చుని ఏడుస్తూనే సూర్యారావుని నోటికొచ్చినట్టు తిట్టాను. బోర్డు మీది సంస్థ నంబరు ఊళ్ళోవాళ్ళనడిగి, ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మా లిస్టులో మీ ఆయన లేరమ్మా. రైతు పేరే ఉంది" అంది అవతలి గొంతు. వాళ్ళు వచ్చి చేను చూసి, మెచ్చుకుని వెళ్ళారట.

ఇప్పుడు వెంకన్న నడుస్తున్నాడు, తింటున్నాడు. వేళ్ళలో పట్టు రాలేదు. చొక్కా గుండీలు నేనే పెడతాను. సూర్యారావుకి రెండో విడత గ్రాంట్ కూడా వచ్చింది.

మీ ఇంటి మనిషి చేలోంచి ఇలా చెమటలతో, చొంగతో వస్తే ఆటో వచ్చేలోగా బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. ఏం కొట్టాడో ఆ డబ్బా పట్టుకెళ్ళండి. డబ్బా లేకపోతే డ్రమ్ములోది చెయ్యి తగలకుండా సీసాలో పట్టి, మూత బిగించి డాక్టరు చేతికివ్వండి. నేను మాత్రం సూర్యారావు మాట పట్టుకెళ్ళాను.