దొర వచ్చిన రోజు చల్లిన నీళ్లు

వడ్లు దంచుతూ పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం సగంలోనే ఊపిరి అందలేదు. మా పేటలో దంపుడు పాటకు ఎప్పుడూ నేనే ముందు. ఎంతమంది అలిసిపోయినా నా గొంతు ఆగదని పేరు. ఎదురుగా దంచుతున్న మా తోటికోడలు చిన్నమ్మడు నవ్వి, "ఏటప్పా, అప్పుడే ముసిల్దానివైపోనావా?" అంది. నేనూ నవ్వబోయాను. నవ్వుకు బదులు దగ్గు వచ్చింది. పొడి దగ్గు. ఆ రోజు నుంచి అది నన్ను వదల్లేదు.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. మిషన్ బడిలో ఐదో క్లాసు దాకా చదివాను కాబట్టి ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. పెళ్లయిన కొత్తలోనే నేనూ, కొన్నాళ్లకు చిన్నమ్మడూ కాశీబుగ్గలో ఒక కంట్రాక్టరు పాకలో పనికి కుదిరాం. బియ్యం మిల్లుల బాయిలర్లకు వేడి బయటికి పోకుండా పైన మందంగా పూత వేయించడం ఆ కంట్రాక్టరు వ్యాపారం. ఆ పూతకు కావలసిన రాతినార గోతాల్లో రైలు మీద వచ్చేది. ఆస్‌బెస్టాస్ అన్న పేరు నాకు హాస్పిటల్లో తెలిసింది. పాకలో మాత్రం అందరం రాతిదూది అనేవాళ్లం. తెల్లగా, మెత్తగా, చూడముచ్చటగా ఉండేది.

ఆ పనికి కంట్రాక్టరు పెట్టిన మేస్త్రీ ఏరికోరి ఉద్దానం ఆడవాళ్లనే పెట్టుకున్నాడు. ఎందుకంటే మా వైపు గోడకు మట్టి కలపాలంటే ముందు ఎండుమట్టిని చేటతో చెరుగుతాం, రాళ్లు ఏరతాం, ఆ తరవాతే నీళ్లు పోస్తాం. ముందే నీళ్లు పోసే కోడలికి పని రాదని అత్తగారు నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. మేము రాతిదూదినీ అలాగే చెరిగాం. గడ్డలు, రాళ్లు ఒక పక్కకు, మెత్తటిది ఒక పక్కకు. మా పనితనం చూసి మేస్త్రీ మెచ్చుకుంటే పొంగిపోయేవాళ్లం. సముద్రపు గాలికి సరుకు ఎగిరిపోతుందని పాకకు నాలుగు వైపులా తాటాకు దడి కట్టించాడు. సరుకు ఎగరలేదు, నిజమే. అదంతా మా ముక్కుల్లోకి పోయింది. సాయంత్రానికి జుట్టు, కనుబొమలు తెల్లబడితే ఒకరినొకరం ముసలమ్మా అని వెక్కిరించుకునేవాళ్లం. మేస్త్రీ మాత్రం ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. అక్కడే నిలబడి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. మా చెమట వాసన పడక అనుకున్నాం.

దగ్గు నాకు ముందు వచ్చినా చిన్నమ్మడికి త్వరగా ముదిరింది. నూతి నుంచి బిందె తెస్తూ దారిలో రెండుసార్లు కూలబడింది. ఇద్దరం టెక్కలి ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరు చిన్నమ్మడి వీపు మీద గొట్టం పెట్టి విని థైసిస్ అన్నాడు, నాది ఇంకా అంత ముదరలేదన్నాడు. థైసిస్ అంటే క్షయ. ఏం పని చేస్తారని అడగలేదు. కఫం పరీక్షకు పంపలేదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పాడు.

ఆ ఒక్క మాటతో చిన్నమ్మడి బతుకు కొబ్బరితోట చివర ఒక గుడిసెలోకి పోయింది. వేరే కంచం, వేరే చెంబు. దాని కూతురు పారమ్మ అప్పటికి చిన్నపిల్ల. దడి అవతల నిలబడి అమ్మా అని పిలిచేది. అది మంచం మీద లేచి కూర్చునే ఓపిక లేక చెయ్యి ఊపేది. ఆ చెయ్యి ఊపడం కూడా ఆగిపోయాక మోసుకెళ్లి తగలేశాం. తల్లి ఒళ్లో తల పెట్టుకోనివ్వలేదు ఆ పిల్లని.

మేస్త్రీ పరామర్శకైనా రాలేదు. నన్ను మాత్రం పనిలోంచి తీసేశాడు. "అది మీ ఇంటి జబ్బు. మిగతావోళ్లకి అంటించెయ్యకు, ఎల్లిపో" అన్నాడు. కాకికి ఎద్దుపుండు నొప్పా అంటారు. ఆ పుండు చేసినవాడే మమ్మల్ని మైలవాళ్లని చేశాడు.

మా ఆయన కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి, మాట తక్కువ. ఒక రోజు ఏమనుకున్నాడో, "సావనీ, బతకనీ, పెద్దాసుపత్రికి ఎలదాం నడు" అని నన్ను పలాసలో రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాడు. వాల్తేరులో దిగి హాస్పిటల్ మెట్లు ఎక్కడానికి నాకు మూడు చోట్ల కూర్చోవలసి వచ్చింది.

అక్కడి డాక్టరు ముందు నా వేళ్లు చూశాడు. గోళ్లు గుండ్రంగా, కొసలు ఉబ్బి ఉన్నాయి. పక్కనున్న కుర్ర డాక్టర్లకు చూపించి క్లబ్బింగ్ అన్నాడు. స్పూటం, అంటే కఫం, పరీక్షకు పంపాడు. మళ్లీ పంపాడు. ఎక్స్‌రే తీయించాడు. ఆ పలకను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"స్పూటంలో క్రిములు లేవమ్మా. ఇది థైసిస్ కాదు. లంగ్స్‌లో ఫైబ్రోసిస్, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. డస్ట్ వల్ల వస్తుంది. నువ్వేం పని చేసేదానివి?"

చెప్పాను. వింటున్నకొద్దీ ఆయన మొహం మారింది. ఇది ఇంకొకరికి అంటుతుందా అని అడిగాను. అంటదు అన్నాడు. చిన్నమ్మడి సంగతి చెబితే, చూడని మనిషి గురించి తేల్చి చెప్పలేనని, కానీ అదే పాకలో అదే పని చేసిందంటే తనకు అనుమానం బలంగా ఉందని అన్నాడు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఏడ్చాను. దడి అవతల నిలబడ్డ పిల్లే కళ్లముందు ఉంది.

"చెరిగే ముందు తడిపేవారు కాదా?" అని అడిగాడు డాక్టరు.

లేదని చెప్పబోయి ఆగాను. ఒక్కసారి తడిపారు. బాయిలర్ల ఇంజనీరు దొర పాక చూడటానికి వచ్చిన రోజు. గుమ్మంలోంచి ఆ తెల్ల దుమారం చూసి, నీళ్లు చల్లితే గానీ లోపలికి రానన్నాడు. మేస్త్రీ పరుగులు పెట్టి మా చేతే కుండలతో నీళ్లు మోయించి కుప్పంతా తడిపించాడు. ఆ పూట దుమ్ము లేవలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు. దొర జట్కా ఎక్కాడు, మర్నాటి నుంచి మళ్లీ ఎండు చెరుగుడే. అంటే వాళ్లకు తెలుసు. నూతిలో నీళ్లున్నాయి, కుండలున్నాయి, మోసే ఆడవాళ్లున్నారు. మా ఊపిరితిత్తులు వాటిపాటి విలువ చేయలేదు, అంతే.

దీనికి మందు లేదని డాక్టరు దాచకుండా చెప్పాడు. కాడ్‌లివర్ ఆయిల్, దగ్గు మిక్స్చర్, విశ్రాంతి, మళ్లీ ఆ దుమ్ము జోలికి పోకుండా ఉండటం. ఇంటికి వచ్చాక కాస్త తేరుకున్నాను అనుకునేలోగా గోరుచుట్టు మీద రోకటిపోటులా వానాకాలంలో న్యుమోనియా పట్టింది. మా ఆయన నన్ను తన వీపుకు ఆనించుకుని కూర్చుంటేనే ఊపిరి ఆడేది. ఎలాగో బయటపడ్డాను.

లేచి తిరగడం మొదలుపెట్టిన కొన్నేళ్లకు తెలిసింది, పారమ్మ పాకలో పనికి కుదిరిందని. పెద్దదయింది కదా, వాళ్ల అమ్మ చేటే పట్టుకుని వెళ్తోందని. మర్నాడు బండి కట్టించుకుని కాశీబుగ్గ వెళ్లాను. మానెయ్యమంటే ఆ పిల్ల తల వంచుకుని, "మానేసి ఏటి తిందాం, పెద్దమ్మా?" అంది. నేను పక్కకు తిరిగాను.

గుమ్మంలో మేస్త్రీ, ముక్కుకు అదే కండువా.

"దొరకి సల్లించిన నీళ్లు ఈ గుంట పారమ్మకి సల్లించలేవా?" అన్నాను.

"తడిపితే ముద్దలు కడతాది. నీకేటి తెలుసు?" అన్నాడు.

"పుట్టి బుద్దెరిగి గోడమట్టి కలుపుతున్నాను. ముద్ద సంగతి నాకు సెప్తావా? సిలకరించి సెరిగితే ముద్ద కట్టదు. మరి నీకు ముద్దలే బయ్యమైతే, ఆ కండువా తీసి లోపలికి రా."

అతను రాలేదు. లోపల చెరుగుడు చప్పుడు ఆగింది. ముందు పారమ్మ చేట బోర్లించింది. తరవాత ఒక్కొక్కరే బోర్లించారు. డాక్టరు చెప్పిందంతా గుమ్మం దగ్గరే కూర్చుని వాళ్లకు చెప్పాను. ఆయాసం వల్ల చాలాసేపు పట్టింది. మిల్లు బండి సరుకు కోసం బయట ఎదురు చూస్తోంది. చివరికి మేస్త్రీయే నీళ్లు తెమ్మన్నాడు.

ఇప్పుడు నేను బండి లేకుండా ఊరు దాటలేను. వడ్లు ఎవరో దంచిపెడితే వండుతాను. పాట పారమ్మ పాడుతుంది, నేను వింటాను. దాని గొంతులో దగ్గు ఉందేమోనని ప్రతి చరణం దగ్గరా చెవి పెట్టి వింటాను.

ఇలాంటి దుమ్ములో పనిచేసే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక్కటే చెబుతాను. తడపకుండా చేట ముట్టుకోకండి. పై మనిషి కుదరదంటే, ఈ రోజు దొర వస్తే ఏం చేస్తావని అడగండి. అదే చెయ్యమనండి, రోజూ.