నాయనమ్మ తిరిగి ఇవ్వని గొలుసు

"గొళ్లెం ఎందుకు పీకినవ్ అవ్వా? నేను డ్యూటీకి పోతే తాళం ఎట్ల ఏసుకోవాలె?"

"తుప్పు పట్టింది, పీకిన. నా ఇల్లు, నా గొళ్లెం."

"జల్ది కొత్తది పెట్టియ్యి మరి."

"పైసలున్నప్పుడు చూస్త. లోపల నీ పెండ్లాం ఉన్నది గద, బయటికెల్లి తాళమేంది?"

"నా పెండ్లాం, నా ఇష్టం. గింత పిసినారి ముసల్దాన్ని యాడ చూడలే!"

పిసినారినే. కాదనలేదు.

శంషాబాద్‌కు విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజులవి. మా వెనక గదిని ఆ క్యాబ్ డ్రైవర్‌కు కిరాయికి ఇచ్చాను. ఇంట్లో ఉంటే భార్యను కొట్టేవాడు. బండి తీసుకుని పోయేటప్పుడు ఆమెను లోపల పెట్టి తాళం వేసేవాడు. ఆమె ఫోన్ కూడా అతని జేబులోనే. నెత్తిమీద విమానం పోతున్నంతసేపు ఆమె ఏడుపు వినపడేది కాదు. అది దాటాక మళ్లీ వినపడేది. కిటికీ ఊచల్లోంచి నేనిచ్చిన కూరగిన్నె అందుకుంటుంటే మణికట్టు కమిలిపోయి కనిపించింది. "ఎవ్వరికి చెప్పకవ్వా, తెలిస్తే ఇంకా కొడ్తడు" అంది. చెప్పలేదు. గొళ్లెం తీసెయ్యాలా అని అడిగితే తల ఊపింది. స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను.

ఈ ఉపాయం నాది కాదు, మా నాయనమ్మది. నా చిన్నప్పుడు పక్కింటి అక్కను మొగుడు ఇలాగే లోపల పెట్టి, తలుపు కడియాలకు ఇనుప గొలుసు చుట్టి తాళం వేసి సంతకు పోయేవాడు. తలుపు సందులో అక్క కన్ను ఒక్కటే కనిపించేది. ఒకరోజు నాయనమ్మ మా దూడ తాడు తెంపుకుందని చెప్పి, ఒక్క పూటకు ఆ గొలుసు ఇమ్మని అతన్నే అడిగింది. ఇచ్చాడు. దూడ మెడకు కట్టింది. అతను అడిగినప్పుడల్లా "రేపిస్త" అనేది. కొత్తది కొనడానికి అతనికి చెయ్యి రాలేదు. ఒకరి చిటికెడు ఉప్పు కూడా ఉంచుకోని నాయనమ్మ, ఊరంతా నవ్వుతుంటే అతను అనే మాటలన్నీ పడింది.

తలుపు తెరిచే ఉన్నా అక్క ఎక్కడికీ పోలేదు. నాకు కోపం వచ్చింది. ఎందుకు పోవట్లేదని నాయనమ్మను అడిగాను. "పోతదో ఉంటదో ఆమెనే చూస్కుంటది. నువ్వు సతాయించకు. ఇంటికొస్తే ఇంత బువ్వ పెట్టు" అంది. అక్క రోజూ వచ్చి మా పొయ్యి దగ్గర కూర్చునేది. చాలా రోజులకు ఒక పొద్దున అక్కడి నుంచే లేచి తల్లిగారింటికి పోయింది. నేను బడికి పోయింది కొద్ది రోజులే. అక్కడ నేర్చింది మరిచిపోయాను గానీ, ఆ పొయ్యి దగ్గర నేర్చింది ఇప్పటికీ నాతోనే ఉంది.

గొళ్లెం గొడవైన మరునాడు పొద్దున ఆ డ్రైవర్ తలుపు దగ్గరికి వేసి, నన్ను కొరకొరా చూసి బండెక్కాడు. కాసేపటికి ఆమె బయటికి వచ్చి వాకిట్లో ఎండకు నిలబడింది. నేనేమీ అడగకుండా చాయ్ ఇచ్చాను. తాగి, "అవ్వా, జర ఫోన్ ఇస్తవా? మా అమ్మకు మిస్డ్ కాల్ ఇస్త" అంది. నా ఫోన్ నుంచి నా సొంత బిడ్డకైనా మిస్డ్ కాల్ తప్ప పోయేది కాదు.

"మిస్డ్ కాల్ వద్దు. మాట్లాడు" అన్నాను.

ఆమె మాట్లాడినంతసేపు గేటుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను. బ్యాలెన్స్ మొత్తం అయిపోయింది.