టమాటకు కర్ర ఎవరు పాతారు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను టమాట మొక్క అనేవాళ్లు. ముద్దుకు పెట్టిన పేరు కాదది. నాకేమీ పెట్టక్కర్లేదు, నన్నెవరూ చూడక్కర్లేదు అని చెప్పడానికి మా తాత కనిపెట్టిన మాట. "గది టమాట మొక్క. యాడ పడేసినా కాస్తది. పిలగాడే జర నాజూకు, వాణ్ణి పైలంగ చూడుండ్రి" అనేవాడు. ఆ పిలగాడు మా తమ్ముడు. పుట్టినప్పటి నుంచీ వాడికి దగ్గు, ఆయాసం. పాలు వాడికి, గుడ్డు వాడికి, కొత్త గొంగడి వాడికి. నాకు బర్రెలు, పేడ గంప, వాణ్ణి చంకనేసుకుని తిప్పే పని. వాడి మీద నాకు కోపం లేదు. దగ్గు వాడు కోరి తెచ్చుకున్నది కాదు కదా. కోపమంతా ఆ మాట మీదే.

మాది నానక్‌రామ్‌గూడ. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు జొన్న, కంది చేలు, కూరగాయల మళ్లు ఉండేవి. నేను ఐదో తరగతిలో ఉండగా మా తాత ఇంకో రెండు బర్రెలు కొన్నాడు. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున, పుస్తకాల సంచి భుజాన వేసుకుని గడప దాటబోతుంటే ఆపేశాడు. ఇగ బడి బందు, బర్రెల వెంట పో అన్నాడు. మా అమ్మ తల వంచుకుంది. నాన్న చేలోకి వెళ్లిపోయాడు. టమాట మొక్కను ఎక్కడ నాటితే ఏమిటి, బడిలో అయితే ఏమిటి, బీడులో అయితే ఏమిటి! బడి పక్కనుంచే బర్రెలను తోలుకుపోతుంటే లోపలి నుంచి ఎక్కాలు వినిపించేవి. నాకు వచ్చిన ఎక్కాలే అవి. ఏడుపు కాదు, ఒళ్లు మండిపోయేది.

మా పక్కింట్లో కిరాయికి ఉండే అత్తయ్యది గుంటూరు వైపు. వాళ్లాయనకు గండిపేట చెరువు దగ్గర సర్కారు కొలువు. ఆవిడ దగ్గర ఒక వింత మొక్క ఉండేది. ఊటీలో ఉండే వాళ్ల అన్నయ్య ఇస్తే రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుందట. కెమేలియా అని చెప్పింది. నిగనిగలాడే ఆకులు, చలికాలంలో గులాబీలాంటి పూలు, వాసన మాత్రం సున్నా. దానికి మర్యాదలు చూడాలి! ఎండ పొడ తగలని వసారా మూల దాని చోటు. మా బావిది ఉప్పునీరు, అది పోస్తే ఆకులు పసుపెక్కుతాయని వానకాలంలో చూరు కింద గోలెం పెట్టి పట్టిన నీళ్లే దానికి పోసేది. మనుషులం ఉప్పునీళ్లు తాగుతుంటే మొక్కకు వాననీళ్లా అని ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

నాకు నవ్వు రాలేదు. మా తమ్ముడు కెమేలియా, నేను టమాట అని నాకు నేనే తేల్చుకున్నాను. ఒకరోజు ఆవిడ గ్లాసుతో ఆ మొక్కకు నీళ్లు పోస్తుంటే, దీని మొగ్గలన్నీ తుంచి పారేయాలని ఉంది అత్తయ్యా అని మొహం మీదే అనేశాను. అక్కడితో ఆగలేదు. బడి సంగతి, బర్రెల సంగతి, తాత అనే మాట అన్నీ కక్కేశాను. ఆవిడ ఓదార్చలేదు. కొంగుతో నా మొహం తుడిచి, పెరట్లోకి నడిచింది. అక్కడ మా తాత ఇచ్చిన నారుతోనే వేసుకున్న టమాట మొక్కలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక కందికట్టె పాతి ఎంతో పొందికగా పెంచింది వాటిని. అప్పుడే కాయ పండబారుతోంది. నా కళ్లముందే ఆ కట్టెలన్నీ పీకేసి పొయ్యి పక్కన పడేసింది. ఆవిడకు మతి పోయిందేమో అనుకున్నాను.

ఆ తర్వాత నీళ్లు పోయడం కూడా మానేసింది. చూస్తుండగానే మొక్కలు కాయల బరువుకు నేలమీద వాలిపోయాయి. మట్టికి తగిలిన కాయల అడుగున కుళ్లు పట్టింది. ఆకులు ముడుచుకుపోయాయి. అలా అయ్యాక ఒక పొద్దున మా తాతను పిలిచింది. కట్టెల మోపు విప్పుతున్న నన్నూ రమ్మంది.

"బాబాయిగారూ, టమాటా ఎక్కడ పడేసినా కాస్తుందని మీరు అంటుంటే విన్నానండి. సరే అని వదిలేశాను. ఇలా అయిపోయిందేంటండీ?"

మా తాతకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేలమీద పొర్లుతున్న మొక్కలను చూసి మనిషి ఊగిపోయాడు. "ఎవడన్నడు వదిలెయ్యమని? టమాట అంటె పిల్లల ఆట అనుకున్నవా బిడ్డా? నారు పోసిన కాడికెళ్లి కాయ తెంపేదాక దాని ఎంటనే ఉండాలె. కట్టె పాతకుంటె నిలవడ్తదా? కాయ భూమికి తాకితె మురగదా? నీళ్లు కొన్నొద్దులు ఎండగట్టి ఒక్కపారే పోస్తె కాయ పగలదా?" అంటూనే కూలబడి, నాతో ఇంటి నుంచి కందికట్టెలు తెప్పించాడు. తల రుమాలు అంచు చింపి మొక్కలను ఒక్కొక్కటే లేపి కట్టసాగాడు. బిగించి కట్టొద్దు, కాడ లావెక్కుతది, జాగ ఇడువాలె అని పాఠం కూడా చెప్పాడు. ఆ ముసలి వేళ్లు ఆ కాడను ఎంత మెత్తగా పట్టుకున్నాయో! ఆ వేళ్లు నా తల మీద ఒక్కనాడూ పడలేదు.

అత్తయ్య అంతా విని, వసారాలోని కెమేలియాను చూపించింది. "మరి దీనికి నేను చేసేది తక్కువేనండి. నీడలో పెట్టాను, వాననీళ్లు కాసిని పోస్తాను. మొగ్గ తొడిగాక కుండీ కూడా కదపను, కదిపితే రాలిపోతాయి. చెయ్యకుండా ఊరుకోవడమే దీనికి పెద్ద సేవ" అంది.

మా తాత నవ్వాడు. "గట్లనా? అయితె గిది సుకమైన మొక్కనే. పనంత టమాటకే."

అప్పుడడిగింది అత్తయ్య, గొంతు పెంచకుండా. "మరి ఈ పిల్లకి కర్ర ఎవరు పాతుతున్నారు బాబాయిగారూ?"

మిగిలిన కట్టెలు పట్టుకుని నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. మా తాత నన్ను చూశాడు. చేతిలోని గుడ్డపేలికను చూసుకున్నాడు. చాయ్ తాగి వెళ్లమన్నా వినకుండా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే దొడ్లోంచి మా అమ్మ మీద ఒక కేక వేశాడు. "బర్ల ఎంట నేను పోత. దాన్ని బడికి తోలు." నా వైపు చూడలేదు. నేనూ ఆగలేదు, సంచి తీసుకుని పరుగెత్తాను.

కానీ కోపం పోలేదు. పోవాలని ఎవరైనా అంటే వాళ్ల మీదా కోపమే. టమాట సంగతి మా తాతకు తెలియదా? ఊరంతా ఆయన దగ్గరే నారు అడిగేది! తెలియక చేసినవాళ్లను పోనీలే అనుకోవచ్చు. ఆయనకు కట్టె తెలుసు, నీళ్లు తెలుసు, కట్టు ఎంత వదులుగా ఉండాలో తెలుసు. అన్నీ తెలిసి, నా దగ్గరికి వచ్చేసరికి దానంతట అదే పెరుగుతుంది అన్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎందుకు అడగాలి? మొక్క అడిగిందా ఆయన్ను? మా తమ్ముడికి మాత్రం న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. వాడికి కావలసింది పొయ్యి పొగ రాని ఒక మూల, కాసేపు ప్రశాంతంగా నిద్ర. అందరూ వాణ్ణి ఎత్తి, దించి, నోట్లో ఏదో ఒకటి కుక్కి, కెమేలియా కుండీని రోజుకో చోటికి జరిపినట్టు చేశారు.

ఇప్పుడు మేం మణికొండలో ఉంటున్నాం. మా తాత టమాట మడి ఉన్న చోట లేచిన మేడలోనే మా కోడలి ఆఫీసు. మొన్న అలసిపోయి వచ్చింది. నువ్వు ఏదైనా మేనేజ్ చేసుకుంటావని మెచ్చుకుని, తన కింద పనిచేసే ఇద్దర్నీ పైవాళ్లు వేరే టీముకు ఇచ్చేశారట. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటే ఇదే. వంటింట్లోకి వెళ్లి ఆ అలసటతోనే పిండి కలుపుతోంది. మా అబ్బాయి సోఫాలో ఫోను చూస్తున్నాడు. ఏరా, లేచి సాయం చెయ్యరాదా అన్నాను. తలెత్తకుండానే, "ఆమె చూస్కుంటది లే అమ్మా" అన్నాడు.

మా తాత గొంతే అది. మధ్యలో ఇన్నేళ్లు గడిచినట్టే లేదు. ఆ అబ్బాయిని పెంచింది నేనే అన్న సంగతి ఇంకా మంట పుట్టించింది.

వాడి చేతిలోని ఫోను తీసి బల్ల మీద పెట్టి, అత్తయ్య మాటే అడిగాను. కర్ర ఎవరు పాతుతున్నార్రా ఆ పిల్లకి? వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఈ కథంతా నిలబడే చెప్పాను. వాడు లేచి వంటింట్లోకి వెళ్లాకే కూర్చున్నాను.